మొగలి నీరు, పసుపు సబ్బు, నలుగుపిండి, ఇప్ప బామ్: సీసా, పెట్టె, లేబుల్, ప్రకటన ఎలా ఉండాలి?

కిమిడి_కోడలు (పర్లాకిమిడి, గజపతి జిల్లా):

అందరికీ నమస్కారమండి. మా మహిళా సంఘం తరఫున నాలుగు సరుకులు దుకాణాలకు పంపాలనుకుంటున్నాం. ముఖానికి కొట్టుకునే మొగలి నీరు 100 మి.లీ., పసుపు–కొబ్బరినూనె సబ్బు 100 గ్రా., నలుగుపిండి 150 గ్రా., ఇప్పనూనె–తేనెమైనం బామ్ 20 గ్రా. మొగలి నీరు ఛత్రపురం వైపు బట్టీల నుంచి వస్తుంది. ఇప్ప పలుకు గుమ్మ, రాయగడ సంతల్లో కొంటాం. మొదట బరంపురం, పర్లాకిమిడి, పాతపట్నం, శ్రీకాకుళం. తర్వాత కొరాపుట్, విశాఖ, ఆన్‌లైన్.

డిజైనర్ ఒక నమూనా ఇచ్చారు. అన్నిటికీ గోధుమరంగు క్రాఫ్ట్ పెట్టెలు, నలుగుపిండికి కిటికీ ఉన్న క్రాఫ్ట్ కవరు, సబ్బుకి అడ్డాకు చుట్టి నారతో ముడి, అంచున సవర బొమ్మలు. ముందువైపు "100 శాతం నేచురల్, కెమికల్ ఫ్రీ" అని తెలుగులో, ఒడియాలో. చూడ్డానికి బాగుంది. కానీ సరుకు ఆగుతుందా, చట్టం ఒప్పుకుంటుందా అన్నదే అనుమానం. మొదటి విడత రకానికి 500. ప్రకటనలో ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో కూడా చెప్పగలరు.

సీసా_మూత (బరంపురం):

నమూనాని కాసేపు పక్కన పెట్టండమ్మా. లోపలి సరుకు ఏం చేస్తుందో చూసుకుని డబ్బా ఎంచుకోవాలి, డబ్బా చూసుకుని లేబుల్, ఆ తర్వాతే బొమ్మలు. మీ డిజైనర్ గారు చివరి నుంచి మొదలుపెట్టారు.

నాలుగింటిలో తిప్పలు పెట్టేది మొగలి నీరే. అది దాదాపు మొత్తం నీళ్లే కాబట్టి ప్రిజర్వేటివ్ లేకపోతే కొన్ని వారాల్లోనే అడుగున దూదిపింజ లాంటి బూజు తేలుతుంది. సీసా ఎంత ఖరీదైనదైనా దాన్ని ఆపలేదు. సిట్రిక్ యాసిడ్‌తో పీహెచ్ 4.5 దగ్గరకు దించి, సోడియం బెంజోయేట్ 0.4 నుంచి 0.5 శాతం, పొటాషియం సోర్బేట్ 0.2 శాతం వేయడం మామూలు పద్ధతి. పీహెచ్ 5 దాటితే బెంజోయేట్ పని సగానికి సగం పడిపోతుంది, వేసీ వేయనట్టే. పీహెచ్ పేపర్ కాదు, మీటర్ వాడండి. నింపే ముందు ల్యాబ్‌లో బాక్టీరియా, ఈస్ట్, బూజు లెక్క చేయించండి. మొగలి ముఖ్యంగా వానాకాలం పూత. ఏడాది సరుకంతా ఆ నెలల్లోనే కొని పెట్టుకుంటారు గనక నిల్వ డ్రమ్ముల శుభ్రత కూడా ఇందులో భాగమే.

సీసాకి గాజు వద్దు. 100 మి.లీ. నీటి స్ప్రేకి గాజు బరువు దండగ, పార్శిల్‌లో పగులుతుంది. అంబర్ (తేనె గోధుమ) రంగు పెట్ ప్లాస్టిక్ సీసా తీసుకోండి, మెడ 24/410. ఇందులో 24 అంటే మెడ బయటి వ్యాసం మి.మీ.లో, 410 అంటే మర తీరు. స్ప్రే పంపు కూడా అదే నంబరుది కావాలి. 24/415 పంపు పైకి అచ్చం అలాగే కనిపిస్తుంది, మర మాత్రం సరిగా కూర్చోదు, పక్కకి పెడితే కారుతుంది. సీసా ఒకచోట, పంపు ఇంకోచోట కొనేవాళ్లకి ఎక్కువగా ఇక్కడే దెబ్బ. నీలం సీసా అందంగా ఉంటుంది గానీ వెలుతురుని అంబర్ అడ్డుకున్నంతగా అడ్డుకోదు. పాలిస్టైరిన్ డబ్బాలు సుగంధ తైలం తగిలితే మెత్తబడి పగుళ్లిస్తాయి, అటు పోనేవద్దు. పంపు గొట్టం అడుగుని తాకేలా ఉండి, కొస ఏటవాలుగా కోసి ఉండాలి. తిన్నగా కోసిన కొస అడుగుకి అతుక్కుపోయి, నీళ్లున్నా స్ప్రే రాదు.

సబ్బు సంగతి. కోల్డ్ ప్రాసెస్ సబ్బు (కాచకుండా చేసేది) నాలుగు నుంచి ఆరు వారాలు ఆరాలి. ఆ ఆరడంలో నీరు పోయి బరువు తగ్గుతుంది. 100 గ్రా. ముక్క కోసి ఆరకముందే పెట్టెలో పెడితే దుకాణంలో తూచే వేళకి 90 చిల్లరే ఉంటుంది, తూనికల ఇన్‌స్పెక్టర్‌కి సరిగ్గా కావలసిందదే. తడి ముక్కని 112–115 గ్రా.కి కోసి, పూర్తిగా ఆరాక తూచి, 100కి తగ్గినవి పక్కన పెట్టేయండి. ఎంత తరుగు పోతుందన్నది మీరు వాడే నీటి పాళ్లని బట్టి మారుతుంది. ఒక బ్యాచ్‌లో పది ముక్కలకి నంబర్లు వేసి వారం వారం తూచి చూసుకుంటే మీ లెక్క మీకు దొరుకుతుంది.

అడ్డాకు ముచ్చటగానే ఉంటుంది, సంతలో అప్పటికప్పుడు అమ్మే సబ్బుకైతే ఎంచక్కా చుట్టొచ్చు. దుకాణం అరలో మూడు నెలలుండే సరుకుకి పనికిరాదు. సబ్బులో గ్లిజరిన్ ఉంటుంది. మన తీరం గాలిలో తేమని లాగి చెమర్చుతుంది, ఆ తడికి ఆకు నల్లబడి బూజు పడుతుంది, ఆకు మరక సబ్బుకి దిగుతుంది. గాలాడని ప్లాస్టిక్ ఫిల్మ్ బిగించినా ఇదే చెమట. బటర్ పేపర్ చుట్టి అట్టపెట్టెలో పెట్టండి. ఆకు కావాలనే ఉంటే పెట్టె మీద బొమ్మగా వేయించండి.

ఇంకొకటి. పసుపు సబ్బు పసుపుగా ఉండదు. క్షారం తగిలితే పసుపు ఇటుక ఎరుపుకో గోధుమరంగుకో తిరుగుతుంది, ఆపైన వెలుతురుకి వెలిసిపోతుంది. పెట్టె మీద నిమ్మపండు రంగు సబ్బు బొమ్మ వేసి లోపల ఇటుక ముక్క పెడితే కొన్నవాళ్లు రంగు మోసం అనుకుంటారు. అసలు రంగునే బొమ్మలో చూపించండి.

నలుగుపిండికి కిటికీ తీసేయించండి. వెలుతురుకి పసుపు పాలిపోతుంది, సెనగపిండికి పురుగు, తేమ. మామూలు క్రాఫ్ట్ కవరు తేమని ఆపలేదు. బయట క్రాఫ్ట్ కాగితం కావాలంటే లోపల మెటలైజ్డ్ పొర, దాని లోపల 60 మైక్రాన్ల పాలీ ఉన్న జిప్ కవరు అడగండి. పిండిలో తేమ 8 శాతం దాటకుండా ఆరబెట్టి, సన్నజల్లెడ పట్టి, పొడవు గరాటుతో నింపాలి. సీలు పడే చోట పిండి రేణువులుంటే సీలు పైకి బాగానే కనిపిస్తుంది, రెండు వేళ్లతో గట్టిగా నొక్కితే ఆ సందులోంచి గాలి బుస్సుమంటుంది. ప్రతి ఇరవై కవర్లలో ఒకటి నీళ్లలో ముంచి నొక్కి చూడండి, బుడగ వస్తే మిషను వేడి సరిచేసుకోవాలి. కొరాపుట్ పంపేవాటిలో గాలి పూర్తిగా వత్తేసి సీలు వేయండి. అది సముద్రమట్టానికి 870 మీటర్ల ఎత్తు. తీరంలో గాలితో సహా మూసిన కవరు ఘాటీ ఎక్కేసరికి బూరెలా ఉబ్బుతుంది, సీలు బలహీనంగా ఉంటే అక్కడే విడుతుంది.

బామ్ దగ్గర లెక్క వేడిది. తేనెమైనం 62–64 డిగ్రీల దగ్గర కరుగుతుంది గానీ ఇప్పనూనె మన ఎండకి ముందే ద్రవమైపోతుంది. మైనం 15 శాతం పెడితే చలికాలంలో హాయిగా ఉంటుంది, మే నెలలో లారీలో నూనె బయటికొస్తుంది. 22–25 శాతం పెట్టండి. అతుకు ఉన్న రేకు డబ్బాల్లో నూనె అతుకు గుండా పాకి లేబుల్‌ని తడిపేస్తుంది. అతుకు లేని అల్యూమినియం డబ్బా గానీ, మూతలో నురుగు వాషరున్న పీపీ (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్) డబ్బా గానీ వాడండి. 65–70 డిగ్రీల్లో పోస్తే చల్లారాక నడుమ గుంట పడుతుంది. ముప్పావు వంతు పోసి, మీగడ కట్టాక మిగతాది పోయాలి. మెల్లగా చల్లారితే ఇప్పనూనె రవ్వ కడుతుంది, ఫ్యాను కింద తొందరగా చల్లార్చండి. 45 డిగ్రీల్లో ఒక రోజంతా తలకిందులుగా టిష్యూ కాగితం మీద ఉంచితే, కారేదీ కారనిదీ తేలిపోతుంది.

వత్తు_కొమ్ము (రాయగడ, డీటీపీ–ప్రింటింగ్):

సీసా_మూత గారు డబ్బాల సంగతి తేల్చేశారు కాబట్టి నేను కాగితం మాట చెప్తాను.

500 ముక్కలకి నేరుగా ప్రింటు వేసిన కవర్లు అడగొద్దు. వాటికి రంగుకో సిలిండరు చెక్కాలి, వేలల్లో ఆర్డరుంటే తప్ప గిట్టదు. సాదా కవరు, సాదా సీసా కొని లేబుల్ అంటించండి. సబ్బు పెట్టెలకి మాత్రం ఆఫ్‌సెట్‌లో 1000 వేయించుకోవడం మేలు. ప్లేట్లకీ డైకీ (పెట్టె ఆకారం కోసే అచ్చు) అయ్యే ఖర్చు 500కైనా 1000కైనా ఒకటే, తేడా అట్ట ధరే.

నూనె, నీళ్లు తగిలే సరుకుకి కాగితం లేబుల్ పెట్టకండి. స్నానాల గదిలో వారానికే అంచులు లేస్తాయి. తెల్ల పీపీ ఫిల్మ్ లేబుల్, పైన మ్యాట్ లామినేషన్ అడగండి. కొలత ఇలా తీసుకోవాలి. సీసా వ్యాసం 44 మి.మీ. అయితే చుట్టుకొలత 138 మి.మీ. లేబుల్ 134 వెడల్పు పెట్టి వెనక 4 మి.మీ. సందు వదలండి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఆ అంచు దగ్గరే ముందు లేస్తుంది. వ్యాసం కేటలాగులో చూసి కాదు, చేతిలో ఉన్న సీసాకి కాగితం చుట్టి, పెన్సిలు గీత పెట్టి కొలవండి. సీసా భుజం దగ్గర వంపు మొదలయ్యే చోటికి 2 మి.మీ. కిందే లేబుల్ ఆగాలి. వంపు మీదకి ఎక్కితే ముడత తప్పదు.

బ్యాచ్ నంబరు, తేదీ, ధర ప్రతిసారీ మారతాయి కదా, వాటికి తెల్ల గడి ఒకటి లామినేషన్ లేకుండా వదిలించుకోండి. లామినేషన్ మీద మామూలు స్టాంపు సిరా ఆరదు, చెయ్యి తగిలితే చెరిగిపోతుంది. థర్మల్ ట్రాన్స్‌ఫర్ ప్రింటరు వాడేట్టయితే రెజిన్ రిబ్బన్ కొనండి. చవకగా వస్తుందని వ్యాక్స్ రిబ్బన్ కొంటే నూనె చేత్తో ఒక్కసారి తుడిచినా ఎక్స్‌పైరీ తేదీ మాయం. తేదీ లేని సరుకుని దుకాణదారు వెనక్కి పంపేస్తాడు.

క్రాఫ్ట్ అట్ట మీద రంగులు మట్టిగొట్టుకుంటాయి. తెలుపు సిరా విడిగా కొట్టిస్తే తప్ప పసుపు, ఆకుపచ్చ రెండూ బురదలాగే కనిపిస్తాయి. సబ్బు పెట్టెకి 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల) తెల్ల ఎఫ్‌బీబీ బోర్డు (పెట్టెలకి వాడే అట్ట) చాలు. క్రాఫ్ట్ లుక్కే కావాలంటే తెల్ల బోర్డు మీద ఆ రంగు వేయించండి, అది నకిలీ ఏమీ కాదు. బార్‌కోడ్ ఎప్పుడూ తెలుపు మీద నలుపే. ఎరుపు గీతలు స్కానరు ఎర్ర వెలుతురులో కనిపించవు. పూర్తి సైజు 37.29 × 25.93 మి.మీ., 80 శాతం వరకు తగ్గించొచ్చు, రెండు పక్కలా ఖాళీ వదలాలి. నంబరు, బార్‌కోడ్ నంబర్లిచ్చే సంస్థ జీఎస్‌1 ఇండియా దగ్గరే తీసుకోండి, 890తో మొదలవుతుంది. నెట్‌లో చవకగా అమ్మే నంబర్లు పెద్ద దుకాణాల్లో చెల్లకపోవచ్చు.

ఇక మన సరిహద్దు వాళ్ల అసలు గొడవ: మూడు లిపులు. ఇక్కడి ప్రెస్సుల్లో చాలా చోట్ల ఒడియా ఇంకా అకృతి ఫాంట్లలోనే నడుస్తుంది, తెలుగు వాళ్లవి "అను" ఫాంట్లు, రెండూ యూనికోడ్ కాని పాత రకం. మీ డిజైనరు యూనికోడ్‌లో చేసిన ఫైలు పాత కోరల్‌డ్రాలో తెరిస్తే వత్తులు విడిపోతాయి, "స్వచ్ఛమైన" అన్న మాటలో ఛ వత్తు పక్కకి వచ్చి కూర్చుంటుంది. అందుకే ప్రెస్సుకి వెళ్లే ముందు అక్షరాలన్నీ కర్వ్స్‌గా (ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మలుగా) మార్చి పీడీఎఫ్ పంపండి, మార్చని ఫైలు మీ దగ్గర దాచుకోండి. కర్వ్స్ అయ్యాక ఎవరూ దిద్దలేరు, దిద్దాల్సిందంతా ముందే దిద్దుకోవాలి. ఒడియా చదివే వాళ్లొకరు, తెలుగు చదివే వాళ్లొకరు కాగితం మీద ప్రింటు చూసి సంతకం పెట్టాలి. ఫోన్‌లో చూసి ఓకే అనొద్దు.

సైజు: ఇంగ్లీషు 6 పాయింట్లలో చదవగలం. తెలుగుకి వత్తులు కింద, గుడులు పైన ఉంటాయి కాబట్టి 8కి తగ్గొద్దు, లైన్ల మధ్య ఎడం కూడా పెంచాలి. ముదురు రంగు మీద తెల్ల తెలుగు అక్షరాలు వేస్తే లావు ఫాంటే వాడండి, లేకపోతే సున్నాలు సిరాతో పూడుకుపోతాయి. చిన్న అక్షరాల నలుపు నాలుగు రంగులు కలిపింది కాకుండా నలుపు ప్లేటు ఒక్కటే అయ్యుండాలి. నాలుగు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ రంగు నీడ వస్తుంది. చుట్టూ 3 మి.మీ. బ్లీడు (కోత గీతకి బయట వదిలే అదనపు రంగు), మడత గీతకి 3 మి.మీ. లోపలే అక్షరాలు.

కిమిడి_కోడలు:

చాలా ఉపయోగంగా ఉందండి ఇద్దరికీ. రెండు చిన్న అనుమానాలు. తెలుగు, ఒడియా రెండే పెట్టి ఇంగ్లీషు వదిలేయొచ్చా? మా దగ్గర కొనేవాళ్లు ఎక్కువగా ఆ రెండే చదువుతారు. సంఘం ఇంట్లో చేసుకునే సరుకు కదా, లైసెన్సు నిజంగా కావాలా?

ఫారం_ఎనిమిది (బరంపురం):

కావాలి. ఇంట్లో చేసినా, సంఘం చేసినా, పది ముక్కలే అమ్మినా. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 1940 ప్రకారం అమ్మకానికి కాస్మెటిక్ తయారుచేయాలంటే లైసెన్సు ఉండాలి. ఒంటికి వాడే సబ్బు, నలుగుపిండి కూడా కాస్మెటిక్కే. కాస్మెటిక్స్ రూల్స్ 2020లో దరఖాస్తు ఫారం కాస్–5, వచ్చే లైసెన్సు కాస్–8. ఇచ్చేది రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ విభాగం. సొంత షెడ్డు, సాంకేతిక సిబ్బంది ఇప్పుడే కుదరకపోతే లైసెన్సున్న యూనిట్‌లో మీ ఫార్ములాతో లోన్ లైసెన్స్ మీద చేయించుకోవచ్చు. దరఖాస్తు కాస్–6, లైసెన్సు కాస్–9. సంతల్లో లైసెన్సు లేకుండా అమ్ముతున్నవాళ్లు బోలెడంతమంది ఉన్నారు, నిజమే. లేబుల్ మీద లైసెన్సు నంబరు లేని సరుకుని ఆన్‌లైన్ వేదికలు, ఊళ్లలోని సూపర్ బజార్లు తీసుకోవు.

ఇంగ్లీషు వదలకూడదు. లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ 2011 ప్రకారం తప్పనిసరి వివరాలు హిందీలో (దేవనాగరి లిపి) గానీ ఇంగ్లీషులో గానీ ఉండాలి. తెలుగు, ఒడియా అదనంగా ఎంతైనా పెట్టుకోవచ్చు. అందుకని ముందువైపు పేరు, ఒక్క వాక్యం మూడు భాషల్లోనూ, వాడే విధానం తెలుగు–ఒడియాల్లో, వెనకవైపు చట్టం అడిగేవన్నీ ఇంగ్లీషులో పెట్టండి. మూడు భాషల్లో అన్నీ ఇరికిస్తే ఏదీ చదవలేం.

వెనకవైపు ఉండాల్సినవి: సరుకు మామూలు పేరు, తయారీదారు పేరు, పూర్తి చిరునామా, నికర పరిమాణం, తయారైన నెల–సంవత్సరం, ఏ నెలలోపు వాడాలో, బ్యాచ్ నంబరు, లైసెన్సు నంబరు, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, యూనిట్ ధర, ఫిర్యాదుకి ఫోను, ఈమెయిలు. లోన్ లైసెన్స్ అయితే తయారీదారు ఒకరు, మార్కెటింగ్ మీరు, రెండు చిరునామాలూ విడివిడిగా రాయాలి. యూనిట్ ధర చాలామంది మరిచిపోతారు. 100 మి.లీ. మొగలి నీరు 180 రూపాయలైతే మి.లీ.కి 1.80, 150 గ్రా. పిండి 120 అయితే గ్రాముకి 0.80. ప్యాకింగ్ మొదలుపెట్టిన 90 రోజుల్లోపు తూనికలు–కొలతల శాఖలో ప్యాకర్ రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు పెట్టాలి.

పదార్థాల జాబితా ఎక్కువ నుంచి తక్కువకి. 1 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవి చివర ఏ వరసలోనైనా రాయొచ్చు. 60 మి.లీ. కన్నా చిన్న ద్రవాలకి, 30 గ్రా. కన్నా చిన్న ఘన పదార్థాలకి ఈ జాబితా తప్పనిసరి కాదు, అంటే మీ 20 గ్రా. బామ్‌కి మినహాయింపు ఉంది. అయినా పెట్టండి. ఇప్పనూనె, తేనెమైనం అని రెండే పదార్థాలు కనిపించే లేబుల్ కంటే మంచి ప్రకటన ఏముంది.

రెండు హెచ్చరికలు ముందువైపే పెద్దగా ఉంటే మంచిది. నలుగుపిండి మీద "తినడానికి కాదు", మొగలి నీటి మీద "తాగడానికి, వంటకి కాదు". మన వైపు మిఠాయిల్లో, బిర్యానీలో మొగలి నీరు పోస్తారు, సీసా చూస్తే వంటింట్లోకే వెళ్తుంది. మీ దాంట్లో వేసినవి చర్మానికి వాడే పాళ్లు.

పేరు దగ్గర ఒక జాగ్రత్త. గంజాం మొగలి (కేవడా) పువ్వుకి, మొగలి రూహ్‌కి (పువ్వు నుంచి తీసే సుగంధ తైలం) భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. "గంజాం కేవడా" అని ముందువైపు బ్రాండులా వేయాలంటే ఆ గుర్తింపు కింద అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి. సవర బొమ్మలదీ అదే దారి, లాంజియా సవర చిత్రకళకి 2024లో గుర్తింపు వచ్చింది. పైగా ఇడితల్ అనే ఆ సవర బొమ్మ గోడ మీద పితృదేవతల కోసం వేసేది, సబ్బు పెట్టె అంచుకి అలంకారం కాదు. సవర చిత్రకారుల చేత వేరే బొమ్మ వేయించి, రాతపూర్వకంగా ఒప్పుకుని డబ్బిచ్చి వాడితే అందరికీ గౌరవం.

సీసా_మూత:

ఒక్క మాట కలుపుతా. "ఆయుర్వేద" అనే మాట కూడా తీసేయించండి, ఎక్కడైనా ఉంటే. దానికి ఆయుష్ వాళ్ల లైసెన్సు, ఫారం 25–డి వేరే. కాస్మెటిక్ లైసెన్సు మీద ఆ మాట వేస్తే రెంటికీ చెడతారు.

జయపురం_బజార్ (జయపురం, కొరాపుట్ జిల్లా, ప్రకటనల పని):

"100 శాతం నేచురల్, కెమికల్ ఫ్రీ" గురించి ఎవరూ ఎత్తలేదే! మొదట కొట్టేయాల్సింది అదే. మొగలి నీటిలో బెంజోయేట్ వేశాక 100 శాతం ఎలా అవుతుంది? సబ్బు కాస్టిక్ సోడా లేకుండా పుట్టదు, కెమికల్ ఫ్రీ ఎలా అవుతుంది? చదువుకున్న కొనుగోలుదారు ఎవరైనా ఒక్క కామెంట్ పెడితే పేరు పోతుంది. చట్టపరంగానూ ముప్పే. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా ఉంది. 2024లో వచ్చిన గ్రీన్‌వాషింగ్ మార్గదర్శకాల ప్రకారం నేచురల్, ప్యూర్, ఎకో ఫ్రెండ్లీ లాంటి మాటలు వివరం, ఆధారం లేకుండా ఊరికే వాడకూడదు.

దాని బదులు లెక్క చెప్పండి, సబ్బుకైతే ఇలా: "కొబ్బరినూనె, పసుపు. రంగు కలపలేదు, సెంటు కలపలేదు." ఇది నిజం, చూపించొచ్చు, పైగా 100 శాతం కంటే బాగా అమ్ముడుపోతుంది.

మొటిమలు పోతాయి, మచ్చలు మానతాయి, తామర తగ్గుతుంది అంటే అది కాస్మెటిక్ కాదు, మందు అవుతుంది. బొల్లి పేరెత్తితే 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం దాకా వెళ్తుంది. "శుభ్రపరుస్తుంది, మెత్తగా ఉంచుతుంది, పొడిబారనీయదు, చల్లగా అనిపిస్తుంది" వరకు ధైర్యంగా చెప్పొచ్చు. పసుపు అనగానే తెల్లబడటం గుర్తొస్తుంది కదా, ఆ దారి పట్టకండి. నల్లగా ఉన్నవాళ్లని తక్కువ చేసి చూపకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ 2014లోనే నియమం పెట్టింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో "మీ ముఖం జిడ్డుగా ఉందా?" అని చూసేవాళ్ల ఒంటి లోపాన్ని నేరుగా ఎత్తిచూపే ప్రకటనలు, వాడకముందు–వాడాక ఫోటోలు సాధారణంగా తిరస్కరిస్తారు. ఎవరైనా రీల్ చేసేవాళ్లకి సరుకు ఉచితంగా ఇచ్చినా అది ప్రకటన అని వాళ్లు వీడియోలో రాయాల్సిందే.

ఫోటోలకి స్టూడియో అక్కర్లేదు. ఉత్తరం కిటికీ పక్కన పొద్దున తొమ్మిది, పది మధ్య, ఎండ నేరుగా పడని బల్ల. సీసాకి కిటికీ ఒక పక్క, రెండో పక్క తెల్ల థర్మోకోల్ ముక్క. ట్యూబ్‌లైటు ఆర్పేయండి, రెండు రకాల వెలుతురు కలిస్తే పసుపు రంగు తేడాగా వస్తుంది. ఫోన్‌లో ఫిల్టర్లు తీసేసి, ఒక తెల్లకాగితం ఫ్రేములో పెట్టి రంగు సరిచూసుకోండి. చేతి మీద బామ్ రాస్తున్న ఫోటో, సబ్బు అరచేతిలో నురుగుతో ఉన్న ఫోటో, రెండూ ఉండాలి. డబ్బా ఒక్కటే చూపిస్తే సైజు తెలియక "ఇంత చిన్నదా" అంటారు.

మన ఊళ్లలో ఆటో మైకు ఇంకా పనిచేస్తుంది. అనుమతి ముందే తీసుకోండి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకు కూడదు. బరంపురం ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి వస్తుంది, ఆ సీజన్లో స్టాలు దొరికితే వదలొద్దు. స్పాటు ఇరవై సెకన్లు దాటనివ్వకండి, ఆటో దాటిపోతుంది. తెలుగులో ఇలా ఉండొచ్చు:

"ఎండన పడి వచ్చారా? మొహం కడుక్కుని ఒక్కసారి కొట్టుకోండి. మొగలి వాసన, చల్లటి తుంపర. పర్లాకిమిడి మహిళా సంఘం మొగలి నీరు. వంద మిల్లీలీటర్లు నూట ఎనభై రూపాయలు. పసుపు సబ్బు, నలుగుపిండి, ఇప్ప బామ్ కూడా ఉన్నాయి. మీ వీధి దుకాణంలో అడగండి."

ఒడియా స్పాటుని దీన్నుంచి అనువదించకండి, ఒడియా వాళ్ల చేతనే విడిగా రాయించండి. అనువాదం మైకులో వెంటనే పట్టుబడిపోతుంది.

వత్తు_కొమ్ము:

ఆ వాక్యాల్లో "ఒక్కసారి కొట్టుకోండి" పక్కన "కళ్లు మూసుకుని" అని కలపండి, లేబుల్ మీద కూడా అదే మాట ఉండాలి. స్ప్రే కదా.

కిమిడి_కోడలు:

కలుపుతామండి. అడ్డాకు, కిటికీ కవరు, 100 శాతం మూడూ తీసేశాం. లోన్ లైసెన్స్ కోసం బరంపురంలో యూనిట్ వెతుకుతున్నాం. చివరిగా ఒకటి: ఆన్‌లైన్ పార్శిల్‌కి నాలుగూ కలిపి ఒకే పెట్టెలో పంపాలంటే?

సీసా_మూత:

మూడు పొరల కరుగేటెడ్ పెట్టె చాలు, నాలుగూ కలిపి అరకిలో లోపే. మొగలి నీటి పంపుకి తాళం క్లిప్పు ఉండాలి, లేకపోతే దారంతా అదే నొక్కుకుంటుంది. సీసాని జిప్ కవరులో పెట్టి నిలువుగా, దాని పక్కన సబ్బు, ఇంకో పక్క బామ్, పైన పిండి కవరు. ఖాళీల్లో నలిపిన కాగితం గట్టిగా కుక్కండి, ఊపితే చప్పుడు రాకూడదు. తర్వాత మీటరు ఎత్తు నుంచి పది సార్లు పడేయండి: ఒక మూల మీద, ఆ మూలలో కలిసే మూడు అంచుల మీద, ఆరు ముఖాల మీద. తెరిచి చూసి పంపు దగ్గర తడి, పిండి కవరు మూల చిరుగు, సబ్బు పెట్టె నలుగు ఉన్నాయేమో చూడండి. ఏది కనిపిస్తే దాని చుట్టూ కాగితం పెంచి మళ్లీ మొదటి నుంచి పడేయాలి. మే నెలలో పంపేవాటిలో బామ్ డబ్బా మూతకి చిన్న టేపు చుట్టండి.